చీకట్లో దొరికిన నిప్పురవ్వ

ఒకప్పుడు స్కూటరున్న ప్రతి సంసారికీ ఒక అనుభవం తప్పేది కాదు. భార్యాబిడ్డలను ఎక్కించుకుని పెళ్ళికి బయలుదేరతాడు. నడివీధిలో బండి నాలుగుసార్లు దగ్గి ఆగిపోతుంది. ఆయన పంచె ఎగగట్టి, ప్లగ్గు విప్పి, జేబుగుడ్డతో తుడిచి, ఉఫ్ మని ఊది, మళ్ళీ బిగించి కాలితో ఒక్క తన్ను తంతాడు. బండి కదులుతుంది. వెనక కూర్చున్న ఇల్లాలి కళ్ళకు ఆ క్షణాన ఆయన పెద్ద ఇంజనీరు. ప్లగ్గు తుడిచినందువల్ల బండి కదిలిందా, లేక ఆ పది నిమిషాలూ ఇంజను చల్లబడినందువల్ల కదిలిందా అన్న ప్రశ్న ఆయనకూ రాదు, ఆవిడకూ రాదు.

ఆ ప్రశ్న రాకపోవడం వల్ల నేను ఒక వానాకాలంలో పడిన అవస్థ యిప్పుడు చెబుతాను. అయితే నాది స్కూటరు కాదు, ట్రాక్టరు. అదైనా నాది కాదు, మా బావది. కొనమన్న పాపం మాత్రం నాది.

ఇది 1984 నాటి మాట. అప్పటికి నేను గోదావరిఖనిలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ వుండేవాణ్ణి. ఆ వూరి పేరులోనే ఆ వూరి కథంతా వుంది. పక్కన గోదావరి, అడుగున ఖని. 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ కంపెనీ గోదావరి ఒడ్డున మా వైపు గనులు తెరవడం 1960 ప్రాంతాల్లో. గని అని పుస్తకాల్లో రాస్తాం గాని, అక్కడి జనం ‘బాయి’ అంటారు. ‘మా ఆయన బాయిల పనికి పోయిండు’ అంటే నీళ్ళు తోడడానికి వెళ్ళాడనుకోకండి. నేను వెళ్ళేనాటికి అక్కడ ఒక పట్నమే లేచింది. రామగుండంలో ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఎన్‌టీపీసీ వారి మొదటి యూనిట్టు 1983లో కరెంటు యివ్వసాగింది. ఎటు చూసినా నిప్పుతో పనే. అంతటి నిప్పుల వూళ్ళో కాపురం వుంటూ, ఒక్క నిప్పురవ్వ కోసం నేను నెల్లాళ్ళు వెతికానంటే నవ్వుతారేమో!

మా అక్కను మంథని వైపు ఒక పల్లెటూరికి యిచ్చారు. బావకు చెరువు కింద మూడెకరాల మడి, మెట్ట మీద మరో రెండెకరాలు. ఎడ్ల జత ముసలిదైంది. కొత్త జత కొనాలా, మరేదైనా చూడాలా అని ఆలోచిస్తున్న రోజుల్లో, ఆ చుట్టుపట్ల ఒక దొరగారి గడీలో మూలపడి వున్న పాత ఫెర్గూసన్ ట్రాక్టరు అమ్మకానికి వచ్చింది. బావ నన్ను పిలిచి సలహా అడిగాడు. చదువుకున్నవాణ్ణి కదా! నాకా, ట్రాక్టరు గురించి తెలిసిందంతా ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివింది. అయినా లేదనడానికి నోరు రాలేదు.

“బావా, ఇది సామాన్యమైన యంత్రం కాదు. ఇంగ్లండులో కవెంట్రీ అనే పట్నంలో 1946 నుంచి 1956 దాకా ఇవి అయిదు లక్షలకు పైగా తయారుచేశారు. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువానికి చేరింది ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదనే!” అని ఉపన్యాసం యిచ్చాను.

చెప్పిందంతా నిజమే. బావ ఎడ్లు అమ్మాడు. చాలకపోతే అక్క బంగారు గాజులు కుదువబెట్టాడు. బూడిదరంగు ట్రాక్టరు వాకిట్లోకి వచ్చింది. పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టాం.

ఈనాటి ట్రాక్టర్లకూ ఆ ట్రాక్టరుకూ ఒక ముఖ్యమైన తేడా వుంది. ఈనాటివన్నీ దాదాపు డీజిలువే. డీజిలు ఇంజనుకు నిప్పు అంటించనక్కరలేదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కితే అదే కాగిపోతుంది. ఆ వేడిలోకి డీజిలు చిమ్మగానే భగ్గుమంటుంది. పాత ఫెర్గూసన్లలో చాలా వాటికి అలా కాదు. మా బావది కిరసనాయిలు బండి. ముందు పెట్రోలు మీద స్టార్టు చెయ్యాలి. ఇంజను బాగా వేడెక్కిన తరువాత కుళాయి తిప్పి కిరసనాయిలుకు మార్చాలి. ఆపేముందు మళ్ళీ పెట్రోలుకు మార్చి కాసేపు నడపాలి. లేకపోతే లోపల కాలకుండా మిగిలిన కిరసనాయిలు ప్లగ్గుల్ని తడిపేస్తుంది, అడుగున వున్న ఇంజనాయిల్లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. పెట్రోలైనా కిరసనాయిలైనా అందులో ప్రతి పేలుడుకూ ఒక నిప్పురవ్వ కావాలి.

ఆ రవ్వ పుట్టే తీరు ఆడవాళ్ళకు కూడా సులువుగా అర్థమయ్యేదే. బ్యాటరీలో వున్నది కొద్దిపాటి వోల్టుల కరెంటు. దానితో రవ్వ ఎగరదు. అది కాయిలు అనే డబ్బాలోకి వెళుతుంది. కాయిలులో రెండు తీగచుట్లు: ఒకటి లావుతీగతో కొద్ది చుట్లు, రెండోది వెంట్రుకలాటి తీగతో వేల చుట్లు. లావుతీగలో పారే కరెంటును తటాలున తెంచితే, సన్నతీగలో వేల వోల్టులు లేస్తాయి. ఆ తెంచే పని చేసేవి పాయింట్లు. రెండు చిన్న లోహపు బొడిపెలు, ఒకదాన్నొకటి తాకుతూ విడిపోతూ వుంటాయి. విడిపోయేటప్పుడు అక్కడే రవ్వలు లేచి అవి కాలిపోకుండా పక్కన కండెన్సరు అనే చిన్న డబ్బీ కాపలా వుంటుంది. కాయిలులో పుట్టిన వేల వోల్టుల్ని ఏ సిలిండరుకు ఎప్పుడు చేర్చాలో చూసేది డిస్ట్రిబ్యూటరు. దాన్ని మా తపాలా జవాను అనుకోండి. నాలుగిళ్ళకు వరుసగా ఉత్తరాలు యిస్తాడు. ఆ వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంటే ఆయన యివ్వవలసిన ఉత్తరాలు నిమిషానికి 3,000. ఈ పద్ధతిని మోటారు కార్లకు అమర్చినవాడు కెటరింగ్ అనే అమెరికా ఇంజనీరు. 1910 నాటి కాడిలాక్ కార్లలో అది వచ్చింది.

ఈ జవాను టోపీ బేకలైటుతో చేసిన గిన్నెలాంటిది. దాని నడినెత్తిన కాయిలు నుంచి వచ్చే తీగ గుచ్చుకుంటుంది. చుట్టూ నాలుగు ప్లగ్గు తీగలు. ఈ టోపీ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

మృగశిర కార్తెలో రెండు వానలు పడ్డాయి. బావ నారు పోశాడు. మెట్ట దున్నకం సవ్యంగానే జరిగింది. ఆ తరువాత ముసురు పట్టింది. ఒకనాడు పొద్దున్నే బండి లేవనంది. గేరు కర్రను ‘ఎస్’ అన్న చోటికి నెడితే స్టార్టరు తిరుగుతుంది. ఆ బండిలో అదొక చమత్కారం. స్టార్టరు తిరుగుతూనే వుంది, ఇంజను మాత్రం అందుకోదు. ఎప్పుడైనా ఒకసారి ఖళ్ళుమని దగ్గి ఊరుకుంటుంది. నాకు కబురొచ్చింది. మొదటి బస్సుకు పుస్తకం పట్టుకుని వెళ్ళాను.

ప్లగ్గులు విప్పాను. నల్లగా మసిబారి వున్నాయి. నాలుగూ తుడిచి, మొన సవరించి, బిగించేసరికి మధ్యాహ్నం పన్నెండైంది. హ్యాండిలు తిప్పగానే బండి లేచింది! అక్క నాకు గారెలు వండిపెట్టింది.

మర్నాడు పొద్దున మళ్ళీ లేవలేదు. ‘పాత ప్లగ్గులు గదా’ అని కొత్తవి నాలుగు కొన్నాం. బిగించేసరికి ఒంటిగంట. లేచింది. రెండు రోజుల తరువాత పొద్దున లేవలేదు. బ్యాటరీ మీద అనుమానం వచ్చింది. గోదావరిఖని పంపి ఛార్జి చేయించాం. అది మధ్యాహ్నం బస్సులో వచ్చింది. లేచింది. మర్నాటికి మామూలే. పాయింట్లు మార్చాం. కండెన్సరు మార్చాం. టౌనునుంచి ఒక మెకానిక్కును పిలిపిస్తే కాయిలు పోయిందన్నాడు, అదీ మార్చాం. ప్రతిసారీ పని పూర్తయ్యేసరికి బండి చక్కగా లేచేది. ప్రతిసారీ నేను జబ్బు కుదిరిందని అనేవాణ్ణి. ప్రతి తెల్లవారూ అది నన్ను అబద్ధాలకోరును చేసేది.

అక్క ఓర్పుగలదే. అయినా ఒకనాడు అననే అంది: “దచ్చిన ధ్రువం దాకా పోయిందంటివి గద తమ్మీ! మన చెరువుకట్ట దాటుతలేదేంది?”

ఆ మాటకు నవ్వు రాలేదు. నారుకు ముప్ఫై రోజులు దాటాయి. మడిలో నీళ్ళు నిలిచి వున్నాయి. కరిగెట దున్నితేగాని నాటు పడదు. పొద్దున లేవని బండి మధ్యాహ్నం లేచి రెండు మూడు గంటలు దున్నేలోగా ముసురు కమ్ముతుంది. తడిసి ఆగిందంటే ఇక ఆ పూటకు అంతే. అద్దెకు ఎడ్లు అడుగుదామంటే నాట్ల రోజుల్లో ఎవరిస్తారు? నాటు కూలీలకు మంగళవారం మాట యిచ్చాం. అది తప్పితే వాళ్ళు మళ్ళీ దొరికేది పదిరోజులకు. ముదురు నారు నాటితే పిలకలు తక్కువ, గింజా తక్కువ. గాజులు విడిపించవలసింది ఆ పంట మీదనే. బావ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా వుండేది. ఒక రాత్రి అన్నం తింటూ, పాత ఇనుము కొనేవాడు బండికి ఎంత కడతాడో అడిగి చూడమన్నాడు. నేను తలెత్తలేదు.

అప్పుడు జ్ఞాపకం వచ్చాడు మా మేనమామ.

మామ గోదావరిఖనిలో భూగర్భ గనిలో ఎలక్ట్రీషియను. ఇరవై సంవత్సరాలుగా పాతాళంలో కేబుళ్ళూ స్విచ్చిలూ చూసుకుంటున్నాడు. నాకెందుకు ముందే తోచలేదంటే, మామ ట్రాక్టరు నడిపినవాడు కాదు. నాలాగా ఇంగ్లీషు పుస్తకాలు చదివినవాడూ కాదు. పైగా ఆయన ఉద్యోగమంతా నిప్పురవ్వ పుట్టకుండా చూడడమే. గనిలో మీథేన్ వాయువు వూరవచ్చు. గాలిలో అది సుమారు నూటికి 5 నుంచి 15 పాళ్ళ మధ్య వుంటే ఒక్క రవ్వ చాలు, పేలిపోతుంది. అందుకే ప్రమాదమున్న చోట్ల వాడే స్విచ్చిలూ మోటార్లూ మందపాటి ఇనుప పెట్టెల్లో బిగించి వుంటాయి. లోపల రవ్వ పుట్టినా, మంట లేచినా, అది పెట్టె దాటి బయటికి రాకూడదు. దిగేముందు పనివాళ్ళ జేబులు తడివి చూస్తారు. బీడీలూ అగ్గిపెట్టెలూ లోపలికి పోకూడదని చట్టం. అలాంటి మనిషిని రవ్వ పుట్టించమని ఎలా అడగను?

అడిగాను. శనివారం పని దిగి, స్నానం చేసి, వారపు సెలవు చూసుకుని, నాతో ఆఖరి బస్సెక్కాడు. చేతిలో ఒక సంచి. అందులో ఒక స్క్రూడ్రైవరు, రెండు పానాలు, ఒక టార్చిలైటు, తువ్వాలు. అంతే.

వెళ్ళేసరికి చీకటి పడింది. కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. బండి చూద్దాం రమ్మన్నాను.

“ఇప్పుడు నేను దాన్ని ముట్ట. ముందుగాల చెప్పు. ఇదెప్పుడు షురువైంది?”

“ముసురు పట్టినప్పటి నుంచి మామా.”

“ఇప్పటిదాకా ఏమేం మార్చిండ్రు?”

నేను కాగితం తీశాను. లెక్కల మేష్టర్ని కదా, ఖర్చుతో సహా అన్నీ రాసిపెట్టాను. ప్లగ్గులు, బ్యాటరీ, పాయింట్లు, కండెన్సరు, కాయిలు. మామ ఒక్కొక్కటీ విని, ప్రతిదానికీ ఒకటే ప్రశ్న వేశాడు.

“ఎన్నిగంటలకు లేచింది?”

పన్నెండుకు. ఒంటిగంటకు. మధ్యాహ్నం బస్సు వచ్చాక. రెండింటికి. నేను చెబుతుంటే నాకే గొంతు తడారిపోయింది. అయిదు మరమ్మతులూ మధ్యాహ్నం పూటే పూర్తయ్యాయి. అయిదుసార్లూ ఎండో, పొడిగాలో వున్న వేళే. ఏమీ మార్చకుండా వూరికే కూర్చున్నా ఆ వేళకు అది లేచేదేనేమో!

“ఓరి అల్లుడా, సామాను మార్చి బండి బాగైందనుకున్నవు. బండి ఎండకు బాగైంది. దానికి తడి పడతలేదు,” అన్నాడు మామ. “పొద్దు పొడువక ముందు లేపుతా, పండుకోండ్రి.” అని అటు తిరిగి పడుకున్నాడు.

నాకు నిద్ర పట్టలేదు.

నాలుగింటికి తట్టి లేపాడు. మబ్బు పట్టి చిమ్మచీకటి. సన్నటి తుంపర. కొట్టంలో బండి చెమటపట్టినట్టు తడిసి వుంది. బావ కందిలి పట్టుకుని వచ్చాడు. మామ దాన్ని దూరంగా వాకిట్లో పెట్టించాడు. తరువాత పెట్రోలు డబ్బాను పదిహేను అడుగుల అవతలికి పంపించి, ఇంజను చుట్టూ ఎక్కడైనా పెట్రోలు కారిందేమో టార్చి వేసి చూసి, తువ్వాలుతో తుడిచాడు. అక్క పెనిమిటి కాబట్టి బావకు మర్యాద తప్పకుండా, “అల్లుడుగారూ, జేబుల బీడీలుంటే ఇంట్ల పెట్టి రాండ్రి,” అన్నాడు. గని కాడ అలవాటు మనిషిని వదలదు కదా! కాని ఇది వట్టి అలవాటు కాదు. రవ్వ కోసం వెతికేటప్పుడు పెట్రోలు ఆవిరి దగ్గరుంటే దొరికేది రవ్వ కాదు, మంట.

“ఇంజనుకు కావలసినయి రెండు, నూనె, నిప్పు. ముందు నూనె చూద్దాం,” అన్నాడు.

కార్బురేటరు దగ్గర గొట్టం కొద్దిగా వదులు చేశాడు. పెట్రోలు ధారగా వచ్చింది. కింద పట్టిన గిన్నెను అవతలికి పంపించి, గొట్టం బిగించి, తుడిచి, కాసేపు ఆవిరి పోనిచ్చాడు. నూనె సంగతి తేలిపోయింది.

తరువాత కాయిలు నుంచి వచ్చే లావు తీగను డిస్ట్రిబ్యూటరు టోపీ నడినెత్తి నుంచి ఊడలాగాడు. పొడిగుడ్డతో పట్టుకుని, దాని కొసను ఇంజను ఇనుముకు పావంగుళం దూరంలో వుంచి, నన్ను హ్యాండిలు తిప్పమన్నాడు. బొటనవేలు కూడా మిగతా వేళ్ళ వైపే వుండాలి, పిడిని గుప్పిట మూసి పట్టకూడదు. ఇంజను ఎదురుతన్ను తంతే బొటనవేలు విరుగుతుంది. అంతమాత్రం నాకు తెలుసు. తిప్పాను. టప్ టప్ మని నీలిరంగు రవ్వ ఎగిరింది.

“సూసినవా? బ్యాటరీ మంచిగుంది. కాయిలు మంచిగుంది. పాయింట్లు, కండెన్సరు మంచిగున్నయి. వీటిల ఏది చెడినా గీ రవ్వ రాదు. ప్లగ్గులు తప్ప నువ్వు మార్చిన సామానంతా దీని ఎనకటిదే.”

ఒక్క నిమిషంలో నా కాగితంలోని పద్దులు సగానికి పైగా కొట్టివేతకు వచ్చాయి.

ఆ తీగను మళ్ళీ టోపీలో గుచ్చి, ఈసారి ఒక ప్లగ్గు తీగ ఊడదీసి అలాగే పట్టుకున్నాడు. తిప్పాను. ఏమీ లేదు. రెండోది చూశాడు. లేదు. మూడు, నాలుగు. ఒకదాని కొసన మాత్రం ఎర్రగా, నీరసంగా ఒక చుక్క మెరిసి ఆరిపోయింది. తపాలా కచేరీ నుంచి ఉత్తరాలు బయలుదేరాయి, ఇళ్ళకు చేరలేదు. దారిలో ఎవరో దొంగిలిస్తున్నారు.

“దొంగ టోపీ కాడ్నే వున్నడు,” అన్నాడు మామ. టార్చి వేసి చూశాడు. నేనూ చూశాను. నల్లటి టోపీ, నిండా జిడ్డు, దుమ్ము. ఏమీ కనిపించలేదు.

అప్పుడు మామ టార్చి ఆర్పేశాడు. వాకిట్లో కందిలి మీద బుట్ట బోర్లించమన్నాడు.

“మామా, చీకట్ల ఏం కనబడతది?”

“చీకట్లనే కనబడతది. నువ్వు తిప్పు.”

తిప్పాను. ఒక చుట్టు. రెండో చుట్టులో చూశాను. టోపీ నడినెత్తి నుంచి పక్కనున్న ఇనుప క్లిప్పు దాకా, వెంట్రుకంత సన్నగా, నీలిరంగు మెరుపు ఒకటి జరజర పాకింది. తిప్పినప్పుడల్లా పాకింది. చిటచిటమని చప్పుడు కూడా వినిపించింది. నెల్లాళ్ళుగా మేం పట్టపగలు వెతికినది, వెలుతురులో వుంది గనుకనే కనిపించలేదన్నమాట. బతుకంతా చీకట్లో పనిచేసినవాడికి దీపం ఎప్పుడు వెలిగించాలో కాక, ఎప్పుడు ఆర్పాలో కూడా తెలుసు.

బావ మెల్లిగా, “గదేనా?” అన్నాడు. అంతకుమించి మాట రాలేదు.

టోపీ విప్పి కందిలి దగ్గరకు తెచ్చాం. గుడ్డతో గట్టిగా తుడిస్తే జిడ్డు పోయింది గాని, ఒక నల్లటి గీత పోలేదు. బేకలైటులో వెంట్రుకవాసి పగులు. పొడిగా వుంటే దానితో ఇబ్బంది లేదు. తడిగాలి పట్టి, దుమ్ము చేరితే, వేల వోల్టుల కరెంటు ప్లగ్గుల దాకా వెళ్ళే శ్రమ మానుకుని ఆ పగులు వెంట దగ్గరి ఇనుములోకి దిగిపోతుంది. అలా దిగిన ప్రతిసారీ ఆ దారి కొద్దిగా మాడి బొగ్గవుతుంది. బొగ్గు కరెంటుకు దారి యిస్తుంది. దారి దొరికేకొద్దీ మరింత కరెంటు, మరింత బొగ్గు. రోజురోజుకూ జబ్బు ముదరడానికి కారణం అదే.

మామ ఆ గీతను గోటితో చూపించి, “ఇరవై ఏండ్ల సంది బొగ్గుల బతుకుతున్న. ఇంత సన్న సీము ఎన్నడు చూడలే,” అన్నాడు. సీము అంటే బొగ్గుపొర. మొదటిసారి అందరం నవ్వాం.

మరో సంగతి నాకు తరువాత తెలిసింది. బేకలైటును 1907లో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. దానికి కావలసిన ఫినాల్‌ను ఆ రోజుల్లో బొగ్గు తారు నుంచి తీసేవారు. అంటే బొగ్గు నుంచి పుట్టిన పదార్థమే రవ్వల దెబ్బకు మళ్ళీ బొగ్గయిందన్నమాట.

కొత్త టోపీ హైదరాబాదులో దొరకవచ్చు. ఎప్పటికి? నాటు మంగళవారం. మామ కత్తిమొనతో ఆ నల్లగీతను గీకడం మొదలుపెట్టాడు. మసి పూర్తిగా పోయి కింద శుభ్రమైన బేకలైటు కనిపించేదాకా గీకాడు. అక్క పొయ్యి రాజేసింది. పొయ్యికి జానెడు దూరంలో టోపీని పట్టుకుని, చెయ్యి ఓర్చుకునేపాటి వేడిలో చెమ్మ ఆరబెట్టాడు. ప్లగ్గు తీగలు పొడిగా తుడిచాడు. తరువాత ఇంట్లోకి చూసి, “బిడ్డా, గోళ్ళరంగు వున్నదా?” అన్నాడు.

అక్క తెల్లబోయింది. గోళ్ళరంగు వున్నది మా మేనకోడలి దగ్గర. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ యేడు మేడారం జాతరలో అల్లరి చేసి కొనిపించుకున్న ఎర్రరంగు సీసా. పండగలకు మాత్రం తీసి, చిటికెనవేలికి ఒక చుక్క పెట్టుకుని, మళ్ళీ దాచిపెట్టేది. నిద్రలోంచి లేపి అడిగితే ముందు యివ్వనంది. తాత బండికి వేలు తెగిందని, రంగు పూస్తే మానుతుందని చెప్పాడు. సందేహిస్తూనే తెచ్చి యిచ్చింది. గోళ్ళరంగు ఆరితే గట్టిపొర అవుతుంది. చెమ్మను రానివ్వదు, కరెంటును పోనివ్వదు. మామ గీకిన పగులులో నిండుగా ఒక పూత పూశాడు. ఆరనిచ్చి మరో పూత. సీసా దాదాపు అయిపోయింది. అది పూర్తిగా ఆరేదాకా ఎవరినీ తొందరపడనివ్వలేదు. దాని ఆవిరి కూడా మండేదే.

ఆరున్నరకు టోపీ బిగించాం. తుంపర యింకా పడుతూనే వుంది. అక్క తులసికోటకు దండం పెట్టుకుంది. ఈసారి హ్యాండిలు బావ పట్టుకున్నాడు. ఒకసారి తిప్పాడు. రెండోసారి సగం తిప్పాడో లేదో, బండి భుగభుగమని లేచింది. కోళ్ళు చెదిరిపోయాయి. మేనకోడలు చెవులు మూసుకుని గంతులు వేసింది.

పెట్రోలు మీద బాగా కాగనిచ్చి, బావ కుళాయి తిప్పి కిరసనాయిలుకు మార్చాడు. చప్పుడు మారలేదు. ఇనుప చక్రాలు తగిలించుకుని మడిలోకి దిగాడు. ఆదివారం, సోమవారం తడవ తడవకూ ఆపకుండా మూడెకరాలూ కరిగెట దున్నాడు. మంగళవారం పొద్దున కూలీలు వచ్చేసరికి మడి పెరుగులా వుంది. గట్టు మీద నిలబడి అక్క మొదటి నారుకట్ట తానే విసిరింది. ఆ పంట మీద గాజులు విడిపించారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు అవి చేతులకు వుండడం నేను మొదట చూశాను, తరువాతే అక్క మొహం చూశాను.

కొత్త టోపీ రెండు నెలలకు దొరికింది. పాతదాన్ని నేను అడిగి తెచ్చుకున్నాను. ఆ ట్రాక్టరు మరో నాలుగేళ్ళు పనిచేసింది. తరువాత బావ డీజిలుది తీసుకున్నాడు. ఈనాడు ట్రాక్టర్లలో డిస్ట్రిబ్యూటరు టోపీ అనేది కుర్ర మెకానిక్కులు చూసి వుండరు. ఆ ప్రాంతం 2016లో పెద్దపల్లి జిల్లా అయింది. మామ పెన్షను పుచ్చుకుని, మనవల్ని ఎత్తుకుని, వెళ్ళిపోయాడు కూడా.

కాని ఆయన వేసిన ప్రశ్న మా ఇంట్లో నిలిచిపోయింది. మిక్సీ ఆగిపోయినా, మోటారు నీళ్ళు ఎత్తకపోయినా, చివరికి పిల్లవాడికి జ్వరం వచ్చి తగ్గినా, మా ఆవిడ ముందు ‘ఏం చేస్తే బాగైంది’ అని అడగదు. ‘ఎన్నిగంటలకు బాగైంది’ అని అడుగుతుంది. ఒకదాన్ని మార్చి, ఫలితం చూసి, ఆ ఫలితం అన్ని వేళలా నిలుస్తుందో లేదో చూశాకనే ఇంకొకదాని జోలికి పోవాలి. నూనె వుందా, నిప్పు వుందా, నిప్పు ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగుతోంది అని వరుసగా వెళితే, కొనవలసిన సామాను చాలావరకు దుకాణంలోనే వుండిపోతుంది. ఈ సంగతి నేను పిల్లలకు లెక్కల క్లాసులో కూడా చెప్పాను.

ఆ టోపీ యిప్పటికీ నా బల్ల మీద వుంది. పెన్సిళ్ళు పెట్టుకుంటాను. పగులు మీద ఎర్రరంగు వెలిసిపోలేదు. మా మేనకోడలికి ఇప్పుడు పెళ్ళీడు కొడుకున్నాడు. ఎప్పుడు వచ్చినా ముందు ఆ బల్ల దగ్గరకే వెళ్ళి టోపీని చేతిలోకి తీసుకుని, “మామా, నా సీసా ఏది?” అంటుంది. ఇన్నేళ్ళలో నేను కొనిచ్చిన గోళ్ళరంగు సీసాలకు లెక్క లేదు. ఒక్కొక్కటీ మూత తీసి చూసి, “రంగు మంచిగనే వుంది. కని గది కాదు,” అని అన్నీ తీసుకుపోతుంది.